పప్పుగుత్తి ఉన్న ఇంట్లో హ్యాండ్ బ్లెండర్

ఏలూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. ఆమె వయసు 43. ఊరికి దూరంగా ఉన్న ఒక బడిలో ఉపాధ్యాయురాలు. ఉదయం ఏడున్నరకు బయలుదేరితే ఇల్లు చేరేసరికి సాయంత్రం అయిదున్నర అవుతుంది. ఇంట్లో 77 ఏళ్ల మామగారు, 70 ఏళ్ల అత్తగారు ఉంటారు. నిరుడు మామగారికి పక్షవాతం వచ్చింది. నడక చాలావరకు తిరిగి వచ్చినా మింగడంలో ఇబ్బంది మాత్రం మిగిలిపోయింది. ఆయనకు పెట్టేదంతా పలుకు లేకుండా, చిక్కగా, మెత్తగా ఉండాలని వైద్యులు చెప్పారు. పగటి వంట అత్తగారిది. ఆమెకు వేళ్ల కణుపుల్లో కీళ్లవాతం ఉంది. మిక్సీ జారు ఎత్తి బిగించడం, మూత నొక్కి పట్టుకోవడం, తరువాత జారును తోమడం ఆమె వల్ల కావడం లేదు. పప్పుగుత్తితో ఎంత మెదిపినా వైద్యులు చెప్పినంత మెత్తదనం రావడం లేదు. రెండుసార్లు మామగారికి పొలమారి ఇంటిల్లిపాదీ భయపడ్డారు.

ఈ స్థితిలో హ్యాండ్ బ్లెండర్, అంటే చేత్తో పట్టుకుని గిన్నెలోకే దించి తిప్పే, కొసన బ్లేడున్న మోటారు కడ్డీ, కొందామని ఆమె అనుకున్నారు. దుకాణంలో వట్టి కడ్డీ, ఒక పొడవాటి గ్లాసు ఉన్నది 1,400 రూపాయలన్నారు. చాపరు (తరిగే గిన్నె), విస్కరు (చిలికే కాడ), మెదిపే కాడ, ముక్కలు తరిగే బిళ్లలు అన్నీ కలిసిన పెట్టె 3,900 రూపాయలన్నారు. ఇంతలో న్యూజెర్సీలో ఉన్న మరిది సంక్రాంతికి వస్తూ అక్కడి నుంచి అన్ని హంగులున్న సెట్టు తెస్తానని ఫోనులో చెప్పాడు. అత్తగారు మాత్రం, ‘యాభై ఏళ్లు నా చేత్తో మెదిపిన పప్పు తిన్న మనిషికి ఇప్పుడు మోటారు తిప్పిన పప్పు పెడతారా?’ అని కంటతడి పెట్టుకున్నారు. పక్కింటి నుంచి అడిగి తెచ్చిన బ్లెండరుతో ఒకరోజు ముద్దపప్పు చేస్తే అది నురగలు కట్టి, జిగురుగా మారి, ఎవరికీ రుచించలేదు. ‘కొనాలా వద్దా? కొంటే ఏది? మిక్సీ అవసరం తీరిపోతుందా? అత్తగారి మనసు నొప్పించకుండా ఎలా?’ అని ఆమె అడిగారు.

అమ్మా, మీ ఉత్తరంలో మూడు విషయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. మామగారి గొంతు, అత్తగారి వేళ్లు, ఇంటిల్లిపాదీ తినే వంట. ఒకే పరికరం ఈ మూడింటినీ ఒకేసారి చక్కదిద్దాలని మీరు ఆశిస్తున్నారు. అందుకే ఏది చూసినా ఏదో ఒక లోటు కనిపిస్తోంది. వీటిని విడదీసి చూద్దాం.

ముందుగా ఆ పరికరం దేనికి పుట్టిందో చెబుతాను, ఎందుకంటే దాని మంచిచెడ్డలన్నీ అక్కడి నుంచే వస్తాయి. స్విట్జర్లాండుకు చెందిన రోజర్ పెరింజాకే 1950లో దీనికి పేటెంటు పొందారు. ఉడికించిన కూరగాయలను ఉడికిన గిన్నెలోనే మెత్తటి సూపుగా మార్చడం లాంటి పనులకు అది అమరినట్టుంటుంది. అంటే పదార్థం ఉడికి ఉండాలి, తడిగా ఉండాలి, బ్లేడు మునిగేంత లోతు ఉండాలి. ఈ మూడూ ఉన్నచోట అది మిక్సీకన్నా హాయిగా పనిచేస్తుంది. ఏ ఒక్కటి లేకపోయినా తడబడుతుంది. మన మిక్సీ కథ వేరు. విదేశీ మిక్సీలు మన మసాలాలు, నానబెట్టిన పప్పులు రుబ్బలేక చెడిపోతుంటే, ముంబయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజినీరు మన వంటకు తగిన మోటారుతో 1963లో సుమీత్ మిక్సీని తెచ్చారు. కాబట్టి మిక్సీ అవసరం తీరిపోతుందా అన్న ప్రశ్నకు జవాబు తేలికే. తీరదు. కందిపొడి, ఎండుమిరపకాయలు, పచ్చికొబ్బరి, అట్ల పిండి దీనితో సాగవు. ఇక గారెల పిండి సంగతి చెప్పనే అక్కరలేదు. అది పొంగుతూ నలగాలంటే రాయి తిరగాల్సిందే. మిక్సీని అమ్మేసి దీన్ని కొందామన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే మానుకోండి.

ఇప్పుడు మామగారి సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైనది ఇదే. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

‘మెత్తగా’ అన్న మాట ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క రకంగా ఉంటుంది. మింగడంలో ఇబ్బంది ఉన్నవారి ఆహారాన్ని, పానీయాలను 0 నుంచి 7 వరకు స్థాయిలుగా విభజించే ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది. దాన్ని ఐడీడీఎస్‌ఐ అంటారు. అందులో 4వ స్థాయి అంటే పలుకు బొత్తిగా లేని ముద్ద. చెంచాతో తీసుకుంటే కుప్పగా నిలవాలి, చెంచాను పక్కకు వంచితే మొత్తం ఒక్కసారిగా జారి పడాలి, చెంచాను పట్టుకుని వేలాడకూడదు, నీరు విడిపోయి పక్కకు చేరకూడదు. 5వ స్థాయిలో పెద్దవారికి 4 మిల్లీమీటర్లకు మించని మెత్తటి పలుకులు ఉండవచ్చు. మీ మామగారికి ఏ స్థాయి కావాలో వైద్యులనో, మింగుడు పరీక్షించే స్పీచ్ థెరపిస్టునో అడిగి కాగితం మీద రాయించుకోండి. రెండుసార్లు పొలమారిందని రాశారు కాబట్టి ఈ పని బ్లెండరు కొనడం కన్నా ముందు జరగాలి. 5వ స్థాయి చాలునని వారంటే పప్పుగుత్తి, ఒక జల్లెడ, కాస్త ఓపికతోనే మీ పని జరిగిపోవచ్చు. 4వ స్థాయి అంటే మాత్రం చేతి మెదుపుతో రోజుకు మూడుపూటలా ఆ నునుపు తీసుకురావడం ఎవరికైనా కష్టమే.

ఆ నునుపు కోసం బ్లెండరు వాడేటప్పుడు మన వంటలో కొన్ని చిక్కులున్నాయి. వీటిని సూచనల పుస్తకంలో ఎవరూ రాయరు. మొదటిది అన్నం. ఉడికిన అన్నాన్ని వేగంగా తిప్పితే గింజలోని పిండిపదార్థం పగిలి బయటికి వచ్చి జిగురవుతుంది. చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది. మింగలేని మనిషికి నీళ్లలాంటి చారు ఎంత ప్రమాదమో జిగురు ముద్ద కూడా అంతే ప్రమాదం. అందువల్ల మామగారి అన్నాన్ని మొదటి నుంచే నీళ్లు ఎక్కువ పోసి జావలా ఉడికించండి. వేడిగా ఉండగానే పప్పుతో గానీ, గింజలు, తొక్కలు లేని కూర గుజ్జుతో గానీ కలిపి కొద్దిసేపే తిప్పండి. వడ్డించే ముందు మళ్లీ చెంచా వంచి చూడండి, ఎందుకంటే గిన్నెలో ఉన్నప్పటి చిక్కదనం పళ్లెంలోకి వచ్చేసరికి మారిపోతుంది. రెండోది పోపు. ఆవాలు, జీలకర్ర, మిరపకాయ తొక్క, కరివేపాకు ముక్కలు బ్లేడుకు చిక్కకుండా తిరిగి చివరికి గొంతులో చేరతాయి. మామగారి వాటా పోపు పెట్టకముందే తీసేయండి. ఇంగువ, నెయ్యి చేర్చండి. వాసన దక్కుతుంది, ముక్క తగలదు. మూడోది పీచు. తోటకూర కాడలు, ములక్కాడ, బీన్సు ఈనెలు నలగకపోగా బ్లేడు చుట్టూ దారంలా చుట్టుకుంటాయి. సొరకాయ, గుమ్మడికాయ, బీరకాయ, క్యారెట్టు, లేత పాలకూర ఆకు బాగా నలుగుతాయి. ఏది తిప్పినా ఒకసారి సన్నని జల్లెడలో వేసి గరిటెతో నొక్కి దించితే మిగిలిన భయం కూడా పోతుంది.

మీ ఇంట్లో మిక్సీకన్నా బ్లెండరు మెరుగయ్యేది ఒకే ఒక్క మనిషి వాటా దగ్గర. కప్పుడు పప్పును పెద్ద జారులో వేస్తే అది బ్లేడు కిందికి జారిపోతుంది, గోడలకు అంటుకుంటుంది, తీసేసరికి సగమే మిగులుతుంది. పొడవాటి సన్నని గ్లాసులో అదే కప్పు పప్పు వేసి కడ్డీని దించితే అర నిమిషంలో నునుపవుతుంది. తరువాత తోమాల్సింది గ్లాసు, కడ్డీ మాత్రమే. చట్నీ జారుతో కూడా ఈ పని జరుగుతుంది కానీ రోజుకు మూడుసార్లు దాన్ని బిగించి, విప్పి, రబ్బరు కింద ఇరుక్కున్నది గీకి తీయడం అత్తగారి వేళ్లకు శిక్షే.

అయితే అత్తగారి వేళ్ల విషయంలో మీరు ఒకటి గమనించలేదనిపిస్తోంది. మిక్సీకి మీట తిప్పి వదిలేస్తే సరిపోతుంది. హ్యాండ్ బ్లెండర్లలో చాలావాటికి నడిచినంతసేపూ స్విచ్చిని నొక్కి పట్టుకునే ఉండాలి. పైగా బరువైన మోటారు చేతిలోనే ఉంటుంది, అదురుతుంది. రెండో చేత్తో గ్లాసును పట్టుకోవాలి. వేళ్ల కణుపులు వాచిన మనిషికి జారు ఎత్తే బాధ తప్పి, స్విచ్చి నొక్కే బాధ మొదలు కావచ్చు. కాబట్టి కొనేముందు అత్తగారిని దుకాణానికి తీసుకెళ్లండి. ప్లగ్గు పెట్టకుండానే ఆమె చేతికిచ్చి, స్విచ్చి నొక్కి ఒక నిమిషం పట్టుకోమనండి. బొటనవేలితో నొక్కే చిన్న బొత్తాం ఆమెకు పనికిరాదు. నాలుగు వేళ్లూ చుట్టి నొక్కగలిగే వెడల్పాటి స్విచ్చి, ఆమె చేతిలో హాయిగా ఇమిడే పిడి, తక్కువ బరువు చూడండి. వాట్ల సంఖ్య చూసి మురిసిపోవద్దు. ఉడికిన పప్పుకు 300 వాట్లు చాలు. ఎక్కువ వాట్ల మోటారు తరచు ఎక్కువ బరువుగా కూడా ఉంటుంది. గ్లాసు కింద తడిగుడ్డ మడిచి పెడితే రెండో చేతి మీద భారం తగ్గుతుంది.

ఆమె పట్టుకోలేకపోతే పరికరమే దండగ అని అనుకోనక్కర లేదు. మీ భర్త మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తారని మీరు ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయారు. తండ్రి వాటాను అర నిమిషం తిప్పి పళ్లెంలో పెట్టడం ఆయన చేయగలిగిన పని. వంటకు, ఆయనకు సంబంధం లేదని ఇంట్లో అందరూ అనుకోవడం వల్లనే ఈ మార్గం మీ నలుగురి కంటా పడలేదేమో. ఆయన రాలేని రోజుల్లో మీరు ఉదయం బయలుదేరేముందే మామగారి మధ్యాహ్నపు వాటాను తిప్పి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లవచ్చు. అత్తగారు దాన్ని పూర్తిగా పొగలు వచ్చేదాకా వేడిచేసి, గోరువెచ్చగా అయ్యాక చెంచా పరీక్ష చేసి పెట్టాలి. దీనివల్ల వేళ్లకు శ్రమ తప్పుతుంది. కానీ అప్పటికప్పుడు వండి పెట్టే తృప్తి ఆమెకు పోతుంది. ఆమె కంటతడికి కారణం ఆ తృప్తి పోతుందన్న భయమేనని నా నమ్మకం.

ఆ కన్నీటికి మందు కూడా గ్లాసులోనే ఉంది. పక్కింటి బ్లెండరుతో మీరు చేసిన పొరపాటు, కుక్కరులోని పప్పంతా తిప్పడం. కందిపప్పును అతిగా తిప్పితే గాలి చేరి నురగ కడుతుంది, ముద్దపప్పుకు ఉండాల్సిన పలుకు పోయి లేహ్యమవుతుంది. అత్తగారు రుచించలేదన్నది మొండితనంతో కాదు, ఆమె నాలుక నిజమే చెప్పింది. మిగతావారి పప్పును ఆమె తన పప్పుగుత్తితోనే మెదపనివ్వండి. అది కూడా చేతులకు నొప్పి అయితే పప్పును ముందుగా నానబెట్టి, కుక్కరులో ఇంకో రెండు విజిల్స్ ఎక్కువ రానిస్తే గరిటె వెనుక భాగంతోనే మెదుగుతుంది. ఆ పప్పులోంచే మామగారి వాటాను గ్లాసులోకి తీసి తిప్పండి. అప్పుడు ఆయన తినేది యాభై ఏళ్లుగా తిన్న పప్పే అవుతుంది. ‘మీ చేతి వంట నాన్నగారు మానకుండా తినాలంటే ఇదొక్కటే దారి’ అని మీ భర్త చేత చెప్పించండి. ఈ మాట కోడలి నోటి నుంచి కన్నా కొడుకు నోటి నుంచి వస్తే ఆమె తేలికగా వింటారు.

ఇక అదనపు హంగులు. పెట్టె మీద బొమ్మలు చూస్తే అన్నీ కావాలనిపిస్తుంది. ఒక్కొక్కటి మీ ఇంట్లో ఏ పనికి వస్తుందో చూడండి. చాపరు గిన్నె నిజంగా పనికొచ్చేదే. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం నిమిషంలో తరిగిపోతాయి. వేళ్ల నొప్పులున్న మనిషికి కత్తిపీట బాధ తప్పుతుంది. కానీ దాని మూతలోనే పళ్లచక్రాలుంటాయి. మూతను నీళ్లలో నానబెడితే పాడవుతుంది, తడిగుడ్డతో తుడవాలి. పసుపుకొమ్ములు, ఐసు ముక్కలు, ఎండుకొబ్బరి వేస్తే ఆ చక్రాలు అరిగిపోతాయి. విస్కరు మజ్జిగకు, గుడ్డు నురగకు పనికొస్తుంది. మీగడ చిలికి వెన్న తీయడానికి కూడా వాడవచ్చు కానీ వెన్న గట్టిపడే దశలో ఆపేయాలి, లేకపోతే మోటారు మీద భారం పడుతుంది. కవ్వం ఉన్న ఇంట్లో దీని లోటు పెద్దగా తెలియదు. మెదిపే కాడ చిలగడదుంపకు, బంగాళాదుంపకు చక్కగా ఉంటుంది. బంగాళాదుంపను బ్లేడుతో తిప్పితే అన్నంలాగే జిగురవుతుంది కాబట్టి ఈ కాడ మీకు అక్కరకొచ్చేదే. కానీ దీన్ని కూడా నొక్కి పట్టుకోవాలన్నది మరవవద్దు. ముక్కలు తరిగే బిళ్లల గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది: నలుగురి ఇంట్లో కేబేజీ, క్యారెట్టు తరగడానికి పట్టే సమయం కన్నా ఆ బిళ్లలు బిగించి, విప్పి, కడిగే సమయమే ఎక్కువ.

ఈ హంగులన్నిటికీ ప్రాణం ఒకే మోటారు. అది చెడిపోతే అరలోని మిగతావన్నీ ఒకేసారి పనికిరాకుండా పోతాయి. ఒక కంపెనీ కాడ ఇంకో కంపెనీ మోటారుకు పట్టదు. ఒకే కంపెనీలో కూడా మోడలు మారితే పట్టకపోవచ్చు. అందుకే పెట్టె సెట్టు కొనేముందు ఏలూరులోనో విజయవాడలోనో ఆ కంపెనీ సర్వీసు ఉందా, చాపరు మూత విడిగా దొరుకుతుందా అని అడగండి. వట్టి కడ్డీ తీసుకుంటే 2,500 రూపాయలు మిగులుతాయి కానీ తరువాత చాపరు కావాలనిపిస్తే విడిగా కొనాల్సి వస్తుంది. సెట్టు తీసుకుంటే అది కలిసివస్తుంది కానీ సగం హంగులు అటకెక్కుతాయి. మీ ఇంటి అవసరాన్ని బట్టి చూస్తే కడ్డీ, గ్లాసు, చాపరు, ఈ మూడే ఉన్న చిన్న సెట్టు దొరికితే అది నాకు నచ్చుతుంది. ఏది కొన్నా కడ్డీ స్టీలుది కావాలి. వేడి పప్పు, పసుపు రోజూ తగిలే చోట ప్లాస్టిక్కు కడ్డీ రంగు పట్టి, కాలక్రమాన పగుళ్లిస్తుంది.

వాడకంలో జాగ్రత్తలు కొన్ని తప్పనిసరి. బ్లేడును చేత్తో ముట్టే ముందు ప్రతిసారీ ప్లగ్గు పీకాలి. ఇరుక్కున్న ముక్కను వేలితో తీయబోయి, అదే సమయంలో రెండో చేయి స్విచ్చికి తగిలి వేళ్లు తెగిన ప్రమాదాలు ఈ పరికరంతోనే ఎక్కువగా వింటాం. ఈ కారణంగానే వైరు లేని బ్యాటరీ రకం మీ ఇంటికి వద్దంటాను. పీకడానికి దానికి ప్లగ్గే ఉండదు. పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నెలో కడ్డీ పెట్టవద్దు. దించి, పొంగు తగ్గాక, గిన్నె సగానికి మించి నిండకుండా చూసి, బ్లేడు పూర్తిగా మునిగాకే స్విచ్చి నొక్కాలి, ఆగాకే బయటికి తీయాలి. ఈ క్రమం తప్పినప్పుడు నా మోచేతి మీద చిందిన వేడి పప్పు మచ్చ ఇప్పటికీ ఉంది. నాన్‌స్టిక్ గిన్నెలో అసలు వద్దు. పూత గీసుకుపోయి ఆహారంలో కలుస్తుంది. మోటారు మీద ‘KB 1 min’ (కేబీ 1 నిమిషం) అని రాసి ఉంటే ఒక నిమిషానికి మించి ఆపకుండా నడపకూడదని అర్థం. పని కాగానే గ్లాసులో సబ్బు కలిపిన వేడినీళ్లు పోసి పది సెకన్లు తిప్పితే బ్లేడు శుభ్రమవుతుంది. ఎండిపోయాక తోమడం కష్టం, మింగలేని మనిషి ఆహారానికి ఆ మురికి మంచిది కాదు.

చివరగా మీ మరిది కానుక. అమెరికాలో ఇళ్లకు వచ్చే కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జులు. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జులు. ఫోను ఛార్జర్ల మీద 100 నుంచి 240 అని రాసి ఉంటుంది కాబట్టి అవి ఎక్కడైనా పనిచేస్తాయి. వంటింటి మోటార్లు సాధారణంగా అలా ఉండవు. అక్కడి బ్లెండరును ఇక్కడ ప్లగ్గు మార్చి నేరుగా పెడితే దాదాపు రెట్టింపు వోల్టేజీ తగిలి మోటారు కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవచ్చు. కానీ మోటారుకు సరిపడేది కొన్ని కిలోల బరువుంటుంది, గట్టు మీద చోటు తింటుంది, పొరపాటున ఒక్కరోజు ఎవరైనా నేరుగా ప్లగ్గు పెట్టినా అంతే సంగతులు. పైగా అక్కడి వారంటీ ఇక్కడ చెల్లదు. అతని ప్రేమను కాదనాల్సిన పని లేదు. తండ్రి కోసం ఏదైనా చేయాలన్న తపన అతనికి ఉంది, ఆ తపనకు దారి చూపండి. ఇక్కడ మీరు ఎంచుకున్న దాని డబ్బు అతన్నే ఇవ్వమనండి, వచ్చాక ఒక వారం నాన్నగారి వాటా అతని చేతనే తిప్పించండి. కాకపోతే ఈ మాట అతను అక్కడ సెట్టు కొనకముందే చెప్పాలి కాబట్టి, ఈ ఆదివారమే ఫోను చేయండి.